తాపీ ఒడ్డున గడువు లెక్క

ఒకప్పటి పల్లె అడాజన్ ఇప్పుడు సూరత్‌లో ప్రవాసుల పేట. అక్కడి పెద్దలకైనా, నదికి ఆవలి ఒడ్డున మగ్గాలు నడిపే తెలుగువారికైనా విదేశీ ప్రయాణం నేర్పే పాఠం ఒకటే: వెళ్లడానికి దొరికిన అనుమతి వేరు, ఉండటానికి దొరికిన గడువు వేరు.

చలి మొదలు కాగానే సూరత్‌లోని సర్దార్ వంతెన దగ్గర, అడాజన్ వైపు పోంక్ దుకాణాలు వెలుస్తాయి. పోంక్ అంటే లేత జొన్న కంకులను నిప్పుల మీద కాల్చి, రాల్చి తీసిన పచ్చి గింజలు. తెలుగు పల్లెల్లో ఊచబియ్యం అనేది దీన్నే. ఇక్కడ దానికి సన్న కారప్పూస, నిమ్మరసం జోడిస్తారు. ఆ వెనుకే ఉంధియు వస్తుంది. జనవరి 14న ఉత్తరాయణ్ నాడు మేడల మీద గాలిపటాలు లేస్తాయి. తింటే సూరత్‌లో తినాలి, పోతే కాశీలో పోవాలన్నది గుజరాతీల సామెత. ఈ రుచుల కాలమే ప్రవాసుల రాకకూ కాలం. బ్రిటన్, అమెరికా, కెనడా, న్యూజిలాండ్‌లలో స్థిరపడిన కుటుంబాలు పెళ్లిళ్ల కోసం, పండగ కోసం దిగేది ఈ నెలల్లోనే. బంధువు ఇంటికి రాగానే కుశల ప్రశ్నలయ్యాక వెంటనే వచ్చే ప్రశ్న, ఎన్నాళ్లుంటారని.

అడాజన్ తాపీ నదికి పడమటి ఒడ్డున ఉంది. పాత సూరత్ కోట, బజార్లు, తర్వాత వచ్చిన జౌళి మార్కెట్లు అన్నీ తూర్పు ఒడ్డునే. వంతెనలు వచ్చాక నగరం ఇటు పాకింది. నిన్నమొన్నటి పొలాలు అపార్ట్‌మెంట్లయ్యాయి. 2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుంచి వదిలిన నీరు నగరాన్ని ముంచెత్తినప్పుడు ఈ ఒడ్డు కూడా తీవ్రంగా దెబ్బతింది. అయినా నిర్మాణాలు ఆగలేదు. నదీ తీరాన స్వామినారాయణ మందిరం, ఆనంద్ మహల్ రోడ్డులో, హనీ పార్క్ రోడ్డులో దుకాణాల వరసలు, పక్కనే పాల్‌లో నగరపాలక సంస్థ కట్టిన అక్వేరియం, సూరత్‌లో పుట్టిన నటుడు సంజీవ్ కుమార్ పేరిట ఆడిటోరియం. వాణిజ్య సముదాయాల్లో నగల కొట్టు పక్కన ఐఈఎల్‌టీఎస్ శిక్షణ కేంద్రం, దాని పైఅంతస్తులో వీసా కన్సల్టెంట్ బోర్డు కనిపించడం ఇక్కడ మామూలే.

ప్రయాణాలు కూడా దగ్గరయ్యాయి. సూరత్ నుంచి 2019 ఫిబ్రవరిలో షార్జాకు విమానం మొదలైంది. 2023 డిసెంబరులో సూరత్‌కు అంతర్జాతీయ విమానాశ్రయ హోదా దక్కింది. 2024 డిసెంబరులో బ్యాంకాక్‌కు నేరుగా విమానం ఎగిరింది. ఒకప్పుడు ముంబై దాకా రైలెక్కితే తప్ప సాగని ప్రయాణం ఇప్పుడు ఇంటి నుంచి ఆటోలో మొదలవుతోంది. కానీ ప్రయాణం తేలికైనంత మాత్రాన నిబంధనలు తేలిక కాలేదు. టికెట్ మార్చుకున్నంత సులువుగా బసను పొడిగించుకోవచ్చనుకునే చోటే చిక్కంతా వస్తోంది.

పాస్‌పోర్టులో రెండు తేదీలు

అడాజన్‌లోని గుజరాతీ అమ్మమ్మకూ, గుంటూరులోని తెలుగు అమ్మమ్మకూ ఈ విషయంలో తేడా లేదు. కూతురి పురుడుకో, కొడుకు గృహప్రవేశానికో అమెరికా వెళతారు. పాస్‌పోర్టులో అతికించిన సందర్శక వీసా మీద పదేళ్ల గడువు కనిపిస్తుంది. ఇక పదేళ్ల దాకా దిగులు లేదనుకుంటారు. నిజానికి ఆ పదేళ్లూ అమెరికా గుమ్మం దాకా వెళ్లి తలుపు తట్టడానికి మాత్రమే. లోపల ఎన్నాళ్లుండాలో నిర్ణయించేది విమానాశ్రయంలో అధికారి. సాధారణంగా అది ఆరు నెలలు. ఆ తేదీ నమోదయ్యేది ఐ-94 అనే రికార్డులో. 2013 వరకు దాన్ని చిన్న తెల్ల కార్డుగా పాస్‌పోర్టుకు జతచేసేవారు. పెద్దవాళ్లకు కంటికి కనిపించేది, చేతికి తగిలేది. ఆ ఏడాది నుంచి విమానాశ్రయాల్లో అది కంప్యూటర్ రికార్డుగా మారింది. వెబ్‌సైట్‌లో వెతికి చూసుకుంటే తప్ప కచ్చితమైన తేదీ తెలియదు. పాస్‌పోర్టు గడువు ముందే ముగిసేట్లుంటే అధికారి ఆ మేరకు బసను కుదించవచ్చు కూడా.

ఆరు నెలలు గడిచేలోపు ఏదో ఒకటి అడ్డు పడుతుంది. అల్లుడికి ఆపరేషన్ అవుతుంది. పెద్దాయనకే గుండె నొప్పి వస్తుంది. పురుడు అనుకున్న దానికన్నా ఆలస్యమవుతుంది. అలాంటప్పుడు ఐ-539 అనే దరఖాస్తు పెట్టి మరికొన్ని నెలలు ఉండనివ్వమని కోరవచ్చు. ఐ-94లోని తేదీ దాటకముందే అది అధికారులకు చేరాలి. కనీసం 45 రోజుల ముందు పెట్టడం మేలని అక్కడి పౌరసత్వ, వలస సేవల సంస్థే సూచిస్తోంది. 2024 ఏప్రిల్‌లో సవరించిన రుసుము ప్రకారం ఆన్‌లైన్‌లో అయితే 420 డాలర్లు, కాగితం మీద అయితే 470 డాలర్లు. ఉండాల్సిన కారణం తాత్కాలికమైనదని, ఖర్చులకు దారి ఉందని, తిరిగి వెళ్లే ఉద్దేశం ఉందని చూపాలి. ఆస్పత్రి కాగితాలు, బ్యాంకు పత్రాలు, తిరుగు ప్రయాణం టికెట్ అందుకే.

గడువులోగా దరఖాస్తు పెట్టినవారు ఫలితం వచ్చేదాకా ఉండవచ్చు. ఆ ఫలితానికే నెలలు పడుతుంది. చాలామంది పెద్దలు జవాబు అందేలోపే తిరిగొచ్చేస్తారు. తిరస్కరిస్తే మాత్రం ఆ రోజు నుంచి అక్రమ బస లెక్కలోకి వస్తుంది. అసలు దరఖాస్తే పెట్టకుండా ఒక్క రోజు ఎక్కువ ఉన్నా పదేళ్ల వీసా చెల్లకుండా పోతుంది. 180 రోజులు మించి అక్రమంగా ఉండి బయటికొస్తే మూడేళ్లు, ఏడాది దాటితే పదేళ్లు మళ్లీ అడుగు పెట్టనివ్వరు. మనవడి మొదటి పుట్టినరోజు చూసి వద్దామని నాలుగు వారాలు అదనంగా ఉండిపోయిన తాత, ఆ మనవడిని మళ్లీ చూడాలంటే కొత్త వీసా కోసం కాన్సులేట్ మెట్లెక్కాల్సిందే.

పొడిగింపు దొరికినా పని అయిపోయినట్లు కాదు. ఆరు నెలలకు సరిపడా తీసుకెళ్లిన బీపీ, షుగర్ మాత్రలు అయిపోతాయి. ఆరోగ్య బీమా కూడా అదే తేదీతో ముగుస్తుంది. అక్కడ బీమా లేకుండా ఆస్పత్రిలో చేరడమంటే ఏమిటో తెలిసిన పిల్లలు తేదీల విషయంలో ముందే జాగ్రత్త పడతారు.

సువాలీ దారిలో

బస కోసం అడగడం ఈ ఒడ్డుకు కొత్త కాదు. అడాజన్ నుంచి హజీరా వైపు వెళ్లే రోడ్డు ఇప్పుడు భారీ కర్మాగారాలకు దారి. నాలుగు వందల ఏళ్ల కిందట అటువైపు తీరంలోని సువాలీ, మొగలుల కాలంలో యూరప్ ఓడలు లంగరేసే రేవు. ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ తరఫున విలియం హాకిన్స్ 1608 ఆగస్టులో సూరత్ వచ్చాడు. చేతిలో రాజు మొదటి జేమ్స్ ఇచ్చిన ఉత్తరం ఉంది. రావడానికి అది సరిపోయింది, ఉండి వ్యాపారం చేయడానికి సరిపోలేదు. ఆగ్రా వెళ్లి జహంగీర్‌ను ఆశ్రయించాడు. తుర్కీ భాష తెలిసిన వాడు కావడంతో చక్రవర్తి మెచ్చి మన్సబు కూడా ఇచ్చాడు. కానీ పోర్చుగీసుల ఒత్తిడితో, ఆస్థానంలోని వర్గాల మంత్రాంగంతో సూరత్‌లో వ్యాపారానికి అనుమతి ఒకసారి దొరకడం, మరోసారి రద్దవడం మామూలైంది. మూడేళ్లు ఎదురుచూసి 1611లో ఖాళీ చేతులతో ఆగ్రా విడిచాడు.

ఆ మరుసటి ఏడాది సువాలీ దగ్గర సముద్రంలో థామస్ బెస్ట్ ఓడలు పోర్చుగీసులను ఎదిరించి నిలిచాయి. ఆ తర్వాతే, 1613లో, సూరత్‌లో కొఠీ పెట్టుకునేందుకు ఫర్మానా వచ్చింది. 1615లో రాయబారిగా వచ్చిన థామస్ రో కూడా తన సామాను సోదా చేస్తామన్న సూరత్ అధికారులతో తగువు పడి కొన్ని వారాలు అక్కడే నిలిచిపోయాడు. అతిథికి ఎంత గౌరవమిచ్చినా, ఎన్నాళ్లుండాలో చెప్పే అధికారాన్ని ఇంటివాడు వదులుకోడు. ఆ ఇంగ్లిష్ కొఠీ క్రమంగా ఏమైందో చరిత్ర తెలిసిన వారికి, ఆ అధికారం విలువ వేరే చెప్పనక్కర్లేదు.

రంగూన్ నుంచి వెనక్కి

అడాజన్‌ను ఆనుకునే రాందేర్ ఉంది. సూరత్ కన్నా ముందే పేరుపడిన రేవు పట్టణం. 1530లో పోర్చుగీసులు దోచి తగలబెట్టారు. ఆ తర్వాత ప్రాభవం తగ్గినా ఇక్కడి సున్నీ వోహ్రా వర్తకులు సముద్రాన్ని వదల్లేదు. పందొమ్మిదో శతాబ్దంలో బర్మా వెళ్లి రంగూన్‌లో దుకాణాలు తెరిచారు. సూర్తీ బజారు, సూర్తీ మసీదు ఆ నగరంలో వాళ్లు వదిలిన గుర్తులు. రంజాన్ రాత్రుల్లో రాందేర్ వీధుల్లో అమ్మే రంగూనీ పరాటాలు, కొబ్బరి పాలతో చేసే ఖావ్‌సా అక్కడి నుంచి తెచ్చుకున్నవే.

రంగూన్‌లో ఈ వర్తకుల ఓడల నుంచి బస్తాలు దించిన కూలీల్లో తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉండేవారు. గోదావరి జిల్లా కోరంగి రేవు నుంచి వెళ్లినందువల్ల వారికి కోరంగీలనే పేరే పడిపోయింది. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచీ వేలాదిగా వెళ్లారు. 1937 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగం కాబట్టి వీసా మాట లేదు. ఆ ఏడాది బర్మా విడిపోయింది. స్వాతంత్ర్యం వచ్చాక చట్టాలు మారాయి. బర్మా పౌరసత్వం తీసుకోని భారతీయులు విదేశీయులుగా నమోదు కావాల్సి వచ్చింది. 1962లో నే విన్ సైనిక పాలన మొదలైంది. 1964లో దుకాణాలను జాతీయం చేశారు, పెద్ద నోట్లను రద్దు చేశారు. లక్షల మంది భారతీయులు చేతికందిన సామానుతో ఓడలెక్కారు. రాందేర్ వర్తకుడు రాందేర్ చేరాడు, తెలుగు కూలీ విశాఖ చేరాడు. విశాఖలో బర్మా క్యాంప్ అనే పేరు అలా నిలిచిపోయింది. తరాల తరబడి ఉన్న చోటే ఉండటానికి మళ్లీ అనుమతి కావాల్సి వస్తే ఎలా ఉంటుందో ఈ రెండు తీరాలకూ తెలుసు.

ఇటు వచ్చేవారికి

విదేశీ పాస్‌పోర్టు తీసుకున్న అడాజన్ బిడ్డ సొంత ఇంటికి వచ్చినా చట్టం దృష్టిలో విదేశీయుడే. ఆ ఇబ్బంది తీర్చడానికే ఓసీఐ కార్డు వచ్చింది. తొలి కార్డులను 2006 జనవరిలో హైదరాబాద్‌లో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లో నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ అందజేశారు. అది జీవితకాల వీసాతో సమానం. ఎన్నాళ్లున్నా పోలీసుల దగ్గర నమోదు అక్కర్లేదు. కార్డు లేనివారు మాత్రం వీసా తీసుకునే రావాలి. 2014లో మొదలైన ఈ-టూరిస్ట్ వీసాను పొడిగించరన్నది నిబంధన. తీవ్ర అనారోగ్యం వంటి అత్యవసరం వస్తే విదేశీయుల నమోదు కార్యాలయాన్ని ఆశ్రయించాలి. 2018 నుంచి ఈ-ఎఫ్ఆర్ఆర్ఓ ద్వారా ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు చేయవచ్చు. విదేశీయులకు ఆశ్రయమిచ్చినవారు 24 గంటల్లో ఆ వివరాలను అధికారులకు తెలపాలన్నది హోటళ్లకే కాదు, ఇళ్లకూ వర్తిస్తుంది. మేనల్లుడి కోసం మంచం వేసిన మేనమామకు ఈ సంగతి తట్టకపోవచ్చు.

2025 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చిన వలస, విదేశీయుల చట్టం 1946 నాటి విదేశీయుల చట్టం స్థానాన్ని తీసుకుంది. గడువు మించి ఉంటే మూడేళ్ల వరకు జైలు లేదా రూ.3 లక్షల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చని అది చెబుతోంది. అమెరికా నిబంధనలు కఠినమని విసుక్కునేవారు ఇంటి నిబంధనలూ ఓసారి చూసుకోవాలి.

ఆవలి ఒడ్డున

వంతెన దాటి నగరం తూర్పు, దక్షిణ దిక్కులకు వెళితే లింబాయత్, ఉధ్‌నా వస్తాయి. మరమగ్గాల చప్పుడు మధ్య తెలుగు మాట వినిపించే పేటలివి. నల్గొండ, కరీంనగర్, వరంగల్, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుంచి పద్మశాలీ కుటుంబాలు తరాల కిందటే వలస వచ్చి స్థిరపడ్డాయి. సూరత్ నగరపాలక సంస్థ ఏడు భాషా మాధ్యమాల్లో బడులు నడుపుతోంది. వాటిలో తెలుగూ ఒకటి.

ఈ వలసకు వీసా అక్కర్లేదు. దేశంలో ఎక్కడికైనా వెళ్లే, ఎక్కడైనా స్థిరపడే హక్కును రాజ్యాంగం 19వ అధికరణ పౌరులకు ఇచ్చింది. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షల మంది సూరత్ విడిచి పారిపోయారు. భయం తగ్గాక వలస కార్మికులు మళ్లీ మగ్గాల దగ్గరకు చేరారు. పోవడానికీ రావడానికీ ఎవరినీ అడగలేదు. 2020 లాక్‌డౌన్‌లో మాత్రం తలకిందులైంది. సూరత్ కార్మికుడికి సొంత ఊరు చేరడానికే అనుమతి కావాల్సి వచ్చింది. అదే సమయంలో దేశంలో చిక్కుకుపోయిన విదేశీయుల వీసాలను ప్రభుత్వం ఉచితంగా పొడిగిస్తూ పోయింది. ఆ సడలింపు 2021 సెప్టెంబరు దాకా సాగింది.

ఒకే ఇంట్లో అన్న సూరత్ మగ్గానికి వస్తే, తమ్ముడు గల్ఫ్ బాట పట్టడం ఉత్తర తెలంగాణ పల్లెలకు తెలిసిన కథే. అన్నకు లేని గడువు తమ్ముడికి ఉంది. పదో తరగతి పూర్తికానివారి పాస్‌పోర్టుతో గల్ఫ్‌లో పనికి వెళ్లాలంటే 1983 నాటి వలస చట్టం కింద అనుమతి కావాలి. ఆ తనిఖీ తప్పించడానికి ఏజెంట్లు విజిట్ వీసా మీద పంపేస్తారు. అక్కడికి వెళ్లాక కంపెనీ వీసాగా మార్పిస్తామంటారు. నెలో రెండు నెలలో గడుస్తుంది. మార్పు జరగదు. గడువు దాటాక దుబాయ్‌లో రోజుకు 50 దిర్హమ్‌ల జరిమానా లెక్క మొదలవుతుంది. నెల తిరిగేసరికి 1,500 దిర్హమ్‌లు. జీతమే సరిగా లేనివాడు కట్టలేడు, కట్టకుండా కదల్లేడు. గల్ఫ్‌లోని తెలుగువారు ఇలాంటివారిని ఖల్లివెల్లి అంటారు. పోలీసు కనిపిస్తే పక్క సందులోకి తప్పుకునే బతుకది. ఆస్పత్రికి వెళ్లాలన్నా జంకే, ఇంట్లో చావు జరిగినా రాలేరు.

వీరికి దారి చూపేది క్షమాభిక్ష. యూఏఈ 2007లో, 2018లో, 2024 సెప్టెంబరు నుంచి డిసెంబరు వరకు అలాంటి అవకాశాలిచ్చింది. కువైట్ 2018లో, 2024లో ఇచ్చింది. జరిమానా రద్దు చేసి ఔట్‌పాస్‌తో ఇంటికి పంపడం దీని సారం. కానీ క్షమాభిక్ష హక్కు కాదు. ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. అది వస్తుందని ఏళ్ల తరబడి దాక్కోవడం కన్నా, విజిట్ వీసా గడువు ముగియకముందే దేశ కాన్సులేట్‌నో, అక్కడి వలస కార్యాలయాన్నో ఆశ్రయించడం మేలు. ఆ సంగతి విమానం ఎక్కకముందే చెప్పేవారు ఊళ్లో ఉండరు. ఏజెంటుకు చెప్పాల్సిన అవసరం లేదు.

అడాజన్‌లో కన్సల్టెంట్‌కు డబ్బు కట్టగలవారికీ, ఉధ్‌నా నుంచి ఏజెంటును నమ్మి వెళ్లేవారికీ ఉన్న అసలు తేడా ఇదే. చట్టం ఇద్దరికీ ఒకే తేదీ రాస్తుంది. ఆ తేదీని చదివి పెట్టే మనిషి ఒకరికి దొరుకుతాడు, మరొకరికి దొరకడు. వీసా ఎలా సంపాదించాలో చెప్పే బోర్డులు ప్రతి కూడలిలో ఉన్నాయి. అక్కడ చిక్కుకుంటే ఎవరిని, ఎప్పుడు, ఎలా అడగాలో చెప్పే ఒక్క కిటికీ జిల్లా కేంద్రాల్లో ఉన్నా కొన్ని కుటుంబాలకు ఏళ్ల ఎడబాటు తప్పుతుంది.

ఎక్కడ ఎలా?

అమెరికా: చూడాల్సింది వీసా మీది తేదీని కాదు, ఐ-94లోని తేదీని. అది దాటకముందే ఐ-539 దరఖాస్తు చేరాలి.

కెనడా: సందర్శకులను సాధారణంగా ఆరు నెలలకు అనుమతిస్తారు. గడువుకు కనీసం 30 రోజుల ముందు విజిటర్ రికార్డ్ కోసం దరఖాస్తు చేయాలి. తల్లిదండ్రులకు సూపర్ వీసా ఉంటే ఒక్క విడతలో ఐదేళ్ల దాకా ఉండవచ్చు.

బ్రిటన్: సాధారణ సందర్శకులకు మొత్తం ఆరు నెలలే గరిష్ఠం. వైద్య చికిత్స వంటి కొద్ది సందర్భాల్లోనే అంతకు మించి వీలుంటుంది.

షెంజెన్ దేశాలు: ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే. ఊహించని విపత్తు, మానవతా కారణాలుంటే రుసుము లేకుండా, తీవ్రమైన వ్యక్తిగత కారణాలుంటే 30 యూరోలతో పొడిగిస్తారు. 2010 ఏప్రిల్‌లో ఐస్‌లాండ్ అగ్నిపర్వతం బూడిదతో విమానాలు నిలిచిపోయినట్లు జరిగితే, అది ఊహించని విపత్తే.

థాయ్‌లాండ్: ఇమిగ్రేషన్ కార్యాలయంలో టీఎం.7 ఫారం, 1,900 బాత్‌ల రుసుముతో సాధారణంగా 30 రోజుల పొడిగింపు కోరవచ్చు. పర్యాటకులు స్వయంగా వెళ్లాలి.

ఏ దేశంలోనైనా: సందర్శక వీసా మీద ఉద్యోగం చేయకూడదు. పొడిగింపు కోరేలోపు పాస్‌పోర్టు గడువు, బీమా గడువు చూసుకోవాలి. దరఖాస్తు అందినట్లు ఇచ్చిన రసీదును తిరిగి వచ్చాక కూడా దాచుకోవాలి. తర్వాతి ప్రయాణంలో పనికొచ్చేది అదే.